పిమ్లికో రోడ్డు, ఒలింపిక్స్‌కి వెళ్ళిన బారన్, మా విశాఖ పనితనం

లండన్‌లో స్లోన్ స్క్వేర్ స్టేషన్ దగ్గర దిగి హోల్‌బైన్ ప్లేస్ వెంట నడిస్తే పిమ్లికో రోడ్డు వస్తుంది. పెద్ద వీధేం కాదు. ఆ చివరి నుంచి ఈ చివరికి నింపాదిగా నడిచినా పది నిమిషాలు పట్టదు. రెండు పక్కలా యాంటిక్ షాపులు, అంటే పాతకాలపు విలువైన సామాను అమ్మేవి, పరదా గుడ్డల షాపులు, దీపాల షాపులు. అద్దం వెనక ఒకే ఒక్క కుర్చీ పెట్టి, దాని మీద ఒక లైటు వేసి, ధర చీటీ లేకుండా వదిలేసేవాళ్ళు. మధ్యలో ఆరెంజ్ స్క్వేర్ అని కాస్త ఖాళీ స్థలం, అందులో పిల్లాడి రూపంలో మోజార్ట్ విగ్రహం. 1764లో ఎనిమిదేళ్ళ మోజార్ట్ ఆ పక్కనే ఎబరీ స్ట్రీట్‌లో ఉంటూ తన మొదటి సింఫనీ రాశాడు. శనివారాలు ఆ విగ్రహం చుట్టూ కూరగాయలు, జున్ను, రొట్టెలు అమ్మే రైతుల సంత జరిగేది. లండన్‌లో ఇన్నేళ్ళున్నావు కదా, నీకు బాగా నచ్చిన చోటేది అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఈ వీధి పేరే చెబుతాను.

2004లో మావారి ఉద్యోగం మీద లండన్ వెళ్ళాం. నేను బీకాం చదివి, విశాఖలో ఒక ఆడిటర్ గారి దగ్గర కొన్నాళ్ళు పనిచేసినదాన్ని. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఉద్యోగం వెతుక్కుంటే, థేమ్స్ అవతల బాటర్‌సీలో, రైలు పట్టాల కింద ఇటుక కమానుల్లో ఉన్న ఒక వర్క్‌షాపులో లెక్కలు రాసే పని దొరికింది. పాత ఫర్నిచర్ బాగుచేసే చోటు అది. పిమ్లికో రోడ్డు షాపుల నుంచి విరిగిన బల్లలు, పాలిష్ పోయిన సొరుగు పెట్టెలు, కాళ్ళు వదులైన కుర్చీలు అక్కడికి వచ్చేవి. పని పూర్తయ్యాక బిల్లులు పట్టుకుని చెల్సీ బ్రిడ్జి దాటి ఆ షాపులకి వెళ్ళడం నా డ్యూటీ. బస్సు ఉన్నా నడిచే వెళ్ళేదాన్ని.

వర్క్‌షాపు పెద్దాయనకి అప్పటికే డెబ్భై దాటాయి. కుర్రతనంలోనే బడి మానేసి ఈ పనిలో చేరిన మనిషి. నాకు మొదటిరోజే ఒక లావుపాటి స్టాకు పుస్తకం ఇచ్చారు. అందులో వస్తువు, కొలతలు, ఏ చెక్క, ఏ కాలం, ఏం రిపేరు అనే గడులతో పాటు చివర్లో ఇంకో గడి ఉండేది: ఏ ఇంటి నుంచి వచ్చింది. మిగతా గడులు ఖాళీగా వదిలినా ఊరుకునేవారు కానీ, ఆ చివరి గడి విషయంలో మాత్రం పట్టుబట్టేవారు. ఏ ఇల్లో తెలియకపోతే ‘తెలియదు’ అని రాయాలి, ఖాళీగా వదలకూడదు.

అలా గడులు నింపుతూ ఆ వీధి వ్యాపారుల పేర్లు ఒక్కొక్కటే పరిచయమయ్యాయి. జెఫ్రీ బెనిసన్ అనే ఆయన షాపు అక్కడే ఉండేది. 1984లోనే పోయినా, ఆ వీధిలో ఆయన్ని నిన్న చూసినట్టు మాట్లాడుకునేవారు. అలాగే ఒకరోజు టీ తాగే వేళ పియర్స్ ఫాన్ వెస్టెన్‌హోల్జ్ పేరు వచ్చింది. బారన్ గారు, అంటే ప్రభు వంశపు బిరుదున్న మనిషి. పిమ్లికో రోడ్డులో పేరున్న యాంటిక్ వ్యాపారి, పెద్ద ఇళ్ళకి లోపలి అలంకరణ చేసే డిజైనర్. పెద్దాయన టీ కప్పు పక్కనపెట్టి, ఈ బారన్ గారు ఒలింపిక్స్‌లో స్కీయింగ్ చేశారు తెలుసా అన్నారు. 1964లో, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రక్‌లో, బ్రిటన్ తరఫున.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒలింపిక్స్ అంటే మా ఉత్తరాంధ్ర వాళ్ళకి కరణం మల్లీశ్వరే. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చిన రోజు మా వీధిలో స్వీట్లు పంచిపెట్టారు. ఆటల్లో పైకొచ్చిన మనిషికి మన దగ్గర ఏం దొరుకుతుంది? రైల్వేలోనో, పోలీసులోనో, ఫుడ్ కార్పొరేషన్‌లోనో ఒక ఉద్యోగం. ఇంటిల్లిపాదికీ అదే కొండంత అండ. అలాంటిది ఒలింపిక్స్‌కి వెళ్ళొచ్చిన మనిషి పాత కుర్చీలు అమ్మడమేంటి, పరదాల రంగులు చూడడమేంటి అనిపించింది. ఆ ఆశ్చర్యమే నన్ను లైబ్రరీకి తీసుకెళ్ళింది. లెక్కల పని అయిపోయాక, అటు స్కీయింగ్ గురించి, ఇటు పాత సామాను గురించి చదవడం మొదలుపెట్టాను.

చదివేకొద్దీ ఆ రెండూ ఒకే ప్రపంచానివని తెలిసింది. ఇంగ్లండ్‌లో కొండలు ఎత్తైనవి కావు, నిలకడగా మంచు ఉండదు. స్కీయింగ్ నేర్చుకోవాలంటే చలికాలమంతా స్విట్జర్లాండ్‌లోనో ఆస్ట్రియాలోనో గడపగలగాలి. ఆ రోజుల్లో అంత తీరికా డబ్బూ ఉన్నవాళ్ళు పెద్ద కుటుంబాల వాళ్ళు, సైన్యంలోని ఆఫీసర్లు. అందుకే ఎత్తైన కొండలు లేని ఆ దేశం వాళ్ళే ఆల్పైన్ స్కీ పోటీలకి, అంటే మంచు కొండ వాలు మీద జారుతూ దిగే పోటీలకి, రూల్స్ రాశారు. జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే స్లాలమ్ పోటీకి ఇప్పటి రూపం ఇచ్చినవాడు ఆర్నాల్డ్ లన్. 1922లో స్విట్జర్లాండ్‌లోని మ్యూరెన్‌లో ఆ పోటీ పెట్టాడు. ఈయన పుట్టింది ఎక్కడో తెలుసా? మద్రాసులో, 1888లో. తండ్రి అక్కడ మిషనరీగా పనిచేశాడు. మనం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలం అది. మంచు మీద ఆడే ఆటకి రూపమిచ్చిన మనిషి మంచంటే ఏమిటో తెలియని మద్రాసులో పుట్టాడని చదివి ఆ రాత్రి మావారిని నిద్రలేపి మరీ చెప్పాను.

బ్రిటిష్ స్కీయర్ల పేరున్న క్లబ్బు ‘కాందహార్’ కూడా 1924లో మ్యూరెన్‌లోనే పుట్టింది. అఫ్ఘానిస్తాన్ యుద్ధంలో పేరు తెచ్చుకున్న లార్డ్ రాబర్ట్స్ బిరుదు నుంచి వచ్చిన పేరు అది. ఆయన పుట్టింది కాన్పూర్‌లో. ఒలింపిక్స్‌లో ఆల్పైన్ స్కీయింగ్ మొదటిసారి పెట్టింది 1936లో. అప్పుడు స్కీయింగ్ నేర్పి జీతం తీసుకునేవాళ్ళని ప్రొఫెషనల్స్ అని పక్కనపెట్టేశారు. కొండల్లో పుట్టి పెరిగి, ఆ పనితోనే పొట్టపోసుకునే కుర్రాళ్ళకి ప్రవేశం లేదు. దాంతో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా మగవాళ్ళు ఆ పోటీలకి దూరంగా ఉన్నారు. ఇది అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆటని ప్రాణంగా ప్రేమించినవాళ్ళే ఆ రూల్స్ రాశారన్నదీ నిజమే. రెండూ కలిసే ఉన్నాయి ఆ చరిత్రలో.

ఇన్స్‌బ్రక్ కథయితే ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. 1964 జనవరి 29న ఆటలు మొదలవ్వాలి. ఊరి చుట్టూ ఆల్ప్స్ కొండలు, కానీ ఆ ఏడాది మంచు పడలేదు. ఆస్ట్రియా సైన్యం దిగింది. బాబ్‌స్లెడ్, లూజ్ (రెండూ గడ్డకట్టిన మంచు దారిలో బండి మీద జారే పోటీలు) దారుల కోసం పైకొండల నుంచి 20,000 మంచు దిమ్మలు కోసుకొచ్చారు. స్కీ వాలుల మీద పరచడానికి 40,000 ఘనపు మీటర్ల మంచు మోశారు. సైనికులు చేతులతో, కాళ్ళతో తొక్కి దాన్ని గట్టిపరిచారు. దారులు రాయిలా గట్టిగా, అంచుల్లో పలచగా తయారయ్యాయి. ఆటలు మొదలవకముందే ప్రాక్టీసులో ఇద్దరు చనిపోయారు. డౌన్‌హిల్ (కొండ మీంచి కిందికి వేగంగా దిగే స్కీ పోటీ) దారిలో ఆస్ట్రేలియా కుర్రాడు రాస్ మిల్న్, లూజ్‌లో బ్రిటన్ జట్టులోని కే-స్కర్‌జిపెస్కీ. తోటి ఆటగాడు పోయిన కొద్ది రోజులకే అదే జట్టు జెండా పట్టుకుని నడవడం ఎంత కష్టమో!

ఆ పోటీల్లోనే బ్రిటన్‌కి ఒక బంగారు పతకం వచ్చింది. ఇద్దరు కూర్చునే బాబ్‌స్లెడ్‌లో టోనీ నాష్, రాబిన్ డిక్సన్. వాళ్ళ బండి ఇరుసు దగ్గర బోల్టు విరిగిపోతే, వాళ్ళతో పోటీ పడుతున్న ఇటలీ ఆటగాడు యూజీనియో మోంటీ తన బండిలోది తీసిచ్చాడు. ఆ ఇద్దరిలో డిక్సన్ కూడా ప్రభు కుటుంబం వాడే, తర్వాత లార్డ్ గ్లెంటొరాన్ అయ్యాడు. డౌన్‌హిల్ ప్యాచర్‌కోఫెల్ కొండ మీద జరిగింది. ఆస్ట్రియా వాడు ఎగాన్ సిమ్మర్‌మాన్ 2 నిమిషాల 18 సెకన్లలో దిగి గెలిచాడు.

మనవాళ్ళు ఎవరూ దీని గురించి మాట్లాడరు కానీ, వింటర్ ఒలింపిక్స్‌లో భారతదేశం మొదటిసారి అడుగుపెట్టింది కూడా ఆ ఇన్స్‌బ్రక్‌లోనే. మన తరఫున వెళ్ళింది ఒకే ఒక్కడు, జెరెమీ బుజకోవ్‌స్కీ. పోలండ్ మూలాలున్నవాడు, చదివింది డార్జిలింగ్‌లో, ఆ తర్వాత అమెరికాలోని డెన్వర్‌లో. డౌన్‌హిల్‌లో దిగి, పూర్తి చేయలేకపోయాడు. 1968లో గ్రెనోబుల్‌కి మళ్ళీ వెళ్ళాడు. పెద్దాయనకి ఈ సంగతి చెబితే ఆయన ఎంత సంతోషపడ్డారో! మీ దేశం వాడూ, మా బారనూ ఒకే ఊళ్ళో ఒకే మంచు మీద ఉన్నారన్నమాట అంటూ వర్క్‌షాపులో అందరికీ చెప్పారు.

తర్వాత ఒక వేసవిలో మావారూ నేనూ ఇన్స్‌బ్రక్ వెళ్ళాం. ఇగ్ల్స్ అనే పల్లె నుంచి కేబుల్ కారులో ప్యాచర్‌కోఫెల్ ఎక్కాం. పైన గాలి చల్లగా ఉంది, మంచు లేదు, పచ్చగడ్డి. ఆవుల మెడలో గంటలు మోగుతున్నాయి. పోటీ దారి ఎటు వెళ్ళేదో బోర్డు చూసి, అంచు దాకా వెళ్ళి కిందికి చూశాను. కడుపులో తిప్పినట్టయింది. అంత వాలు నేను ఫొటోల్లో ఎక్కడా చూడలేదు. ఫొటో కొండని చదును చేసేస్తుంది. రెండు పలకలు కాళ్ళకి కట్టుకుని, సైనికులు తొక్కిన గట్టి మంచు మీద ఇక్కణ్ణించి దూకిన కుర్రాళ్ళని తల్చుకుంటే ఆస్తి, బిరుదు, వంశం ఏవీ గుర్తు రాలేదు. ఇరవై ఏళ్ళ పిల్లల ధైర్యం ఒక్కటే గుర్తొచ్చింది. ఆ వాలు మీద ఎవరి తండ్రి ఎవరైతే ఏం!

ఇక రెండో సగం. స్కీలు విప్పేశాక పాత సామాను వైపు ఎందుకు వస్తారు ఇలాంటివాళ్ళు? ఇది నాకు వర్క్‌షాపులోనే అర్థమైంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్ పల్లెల్లోని పెద్ద పెద్ద భవంతులు పన్నులు కట్టలేక, నౌకర్లు దొరక్క కూలిపోయాయి. 1974లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ విధ్వంసం మీద ఒక ప్రదర్శన పెడితే, కూలిన ఇళ్ళ లెక్క వెయ్యి దాటింది. 1977లో మెంట్‌మోర్ అనే భవంతిని, రోత్‌షీల్డులనే బ్యాంకర్ల కుటుంబం కట్టించినదాన్ని, లోపలి సామానుతో సహా 20 లక్షల పౌండ్లకి ఇస్తామంటే ప్రభుత్వం వద్దంది. ఆ సామాను వేలం వేస్తే 60 లక్షలు దాటి వచ్చాయి. ఇలా బయటపడిన బల్లలు, అద్దాలు, తివాచీలు పిమ్లికో రోడ్డుకి చేరాయి. వాటిని చూసి ఇది ఏ గదిలో ఉండేదో, ఏ కిటికీ ఎండకి ఇలా వెలిసిందో చెప్పగలిగినవాళ్ళు ఎవరు? అలాంటి గదుల్లో ఆడుకుంటూ పెరిగినవాళ్ళు. వాళ్ళకి పుస్తకాలు చదివి నేర్చుకోవాల్సిన అవసరం లేకపోయింది. కొనేవాళ్ళూ, అమ్మేవాళ్ళూ, ఇల్లు అలంకరించమని పిలిచేవాళ్ళూ చిన్నప్పటి నుంచి ఒకరికొకరు తెలిసినవాళ్ళు. యాంటిక్ వ్యాపారం, ఇంటీరియర్ డిజైన్ ఒకే మనిషి చేతిలో ఉండడానికి కారణం కూడా అదే. ఒక బీరువా కొంటే దాన్ని ఏ గోడకి ఆనించాలో, పక్కన ఏ దీపం పెట్టాలో కూడా అతనే చెబుతాడు.

ఇంగ్లిష్ వాళ్ళ అలంకరణలో నాకు బాగా నచ్చింది పాతదనాన్ని దాచకపోవడం. చేతులు ఆనించే చోట అరిగిపోయిన కుర్చీని అలాగే ఉంచుతారు. వెలిసిన పువ్వుల గుడ్డని మార్చరు. ఆ పువ్వుల గుడ్డ ఎక్కడిదనుకున్నారు? వాళ్ళు చింట్జ్ అనేది మన కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన గుడ్డే. మచిలీపట్నం కలంకారీ దుప్పట్లు వాళ్ళ మంచాల చుట్టూ తెరలయ్యాయి. అక్కడి నేతగాళ్ళ గోలకి తట్టుకోలేక 1721లో బ్రిటన్‌లో అద్దకం గుడ్డలు కట్టడాన్నీ ఇళ్ళలో వాడడాన్నీ నిషేధిస్తూ చట్టం తెచ్చారు. అంతగా మోజుపడ్డారు మన పనివాళ్ళ చేతికి.

పెద్దాయన దగ్గర నేను నేర్చుకున్న చూపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక రోజు గుండ్రని చిన్న టీ బల్ల వచ్చింది, మూడు కాళ్ళది. టేపు నా చేతికిచ్చి కొలవమన్నారు. ఒక వైపు కొలిస్తే ఒక అంకె, అడ్డంగా కొలిస్తే కాస్త తక్కువ. చెక్క ఎప్పుడూ నారకి అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడుగునా పెద్దగా తగ్గదు. రెండొందల ఏళ్ళలో గుండ్రని బల్ల కోలగా మారుతుంది. అన్ని వైపులా అచ్చు గుండ్రంగా ఉన్న ‘పాత’ బల్ల కనబడితే అనుమానించాలి. ఇంకోసారి సొరుగు బయటికి లాగి తలకిందులు చేసి చూపించారు. అడుగు చెక్క మీద తిన్నని రంపపు గీతలుంటే చేతి రంపం, వంపు తిరిగిన గీతలుంటే గుండ్రటి యంత్రపు రంపం, అంటే పందొమ్మిదో శతాబ్దంది, లేదా ఆ తర్వాతది. సొరుగు మూలల్లో పళ్ళు పళ్ళుగా కలిపిన అతుకులు ఒకదానికొకటి కొంచెం తేడాగా ఉంటే మనిషి కోసినవి. పిడి కింద, వేళ్ళు తగిలే చోట, నల్లగా మెరిసే మరక తరాల చేతి చెమటది. దాన్ని ఎవరైనా తుడిచేస్తే ఆయనకి నిజంగా కోపం వచ్చేది.

పాలిష్ పని మరీ బాగుండేది. దూదిని ఉండగా చేసి పాత నార గుడ్డలో చుట్టి, అరచేతిలో ఇమిడేలా ముద్ద చేసేవారు. స్పిరిట్‌లో కరిగించిన లక్కని అందులో పోసి, చెక్క మీద ఎనిమిది అంకె గీసినట్టు తిప్పుతూ తిప్పుతూ, పూత మీద పూత, రోజుల తరబడి. గుడ్డ పట్టేయకుండా వేలితో ఒక చుక్క అవిసె నూనె. ఆ లక్క రేకులు వచ్చే సంచుల మీద ఇండియా అని రాసి ఉండేది. నేను ఆ సంచీ వాసన చూసి కాసేపు నిలబడిపోయేదాన్ని. మా ఇంటి పక్క వడ్రంగి బావగారు పెళ్ళి మంచాలకి పాలిష్ వేసేటప్పుడు వీధంతా వచ్చే వాసన అది.

అలాంటి రోజుల్లో ఒక షాపు నుంచి ఒక రాత పెట్టె రిపేరుకి వచ్చింది. రోజ్‌వుడ్ మీద ఏనుగు దంతం పొదిగినది. మూత అంచుల వెంట పూల తీగ, తీగలో ప్రతి ఆకుకీ ఈనెలు. దంతాన్ని సన్నగా కోసి చెక్కలో పొదిగి, దాని మీద సూదిలాంటి ఉలితో గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. భూతద్దంలో చూస్తే ఒక్క గీత కూడా తడబడలేదు. స్టాకు పుస్తకంలో ఏం రాయాలని అడిగితే పెద్దాయన తల ఎత్తకుండానే, ‘విజాగపటం’ అన్నారు.

మా ఊరు! నేను పుట్టిన వన్ టౌన్, కురుపాం మార్కెట్ గేటు, కోట వీధి, అవన్నీ ఉన్న మా విశాఖపట్నం. ఇరవై అయిదేళ్ళకి పైగా ఆ ఊళ్ళో పెరిగాను, ఎవరూ నాకు ఈ మాట చెప్పలేదు. బడిలో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. షిప్‌యార్డు, స్టీలు ప్లాంటు, పోర్టు, సబ్‌మెరైన్ తప్ప మా ఊరికి ఇంకో గొప్ప ఉందని బాటర్‌సీలో రైలు వంతెన కింద ఒక ఇంగ్లిష్ ముసలాయన చెబితే తెలిసింది. ఆ మధ్యాహ్నం ఇక లెక్కలు రాయలేకపోయాను.

పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖలో ఈ పని జోరుగా సాగింది. ఈస్టిండియా కంపెనీ స్థావరం అక్కడుండేది, డచ్ వాళ్ళు పక్కనే భీమునిపట్నంలో. తెల్లవాళ్ళు తమ దేశపు కుర్చీలు, బీరువాలు, రాత బల్లలు నమూనాగా ఇస్తే మన కంసాలి, వడ్రంగి పనివాళ్ళు వాటిని టేకుతో, రోజ్‌వుడ్‌తో, గంధపు చెక్కతో చేసి దంతం పొదిగేవారు. ఆకారం ఇంగ్లిష్‌ది, అంచుల మీది తీగ మాత్రం మనది. కలంకారీ గుడ్డల మీద పాకే తీగే అది. 1756లో ఆ ఊరు చూసిన ఒక ఇంగ్లిష్ సైనికాధికారి కూడా అక్కడి పొదుగు పని గురించి మెచ్చుకుంటూ రాశాడు. 1781లో మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం దంతపు రేకులు తాపడం చేసిన కుర్చీలు కొన్నాడు. మద్రాసు గవర్నరుగా చేసి వెళ్ళిన అలెగ్జాండర్ వించ్ సామాను వేలంలో దొరికాయి అవి. విశాఖ పనివాళ్ళ చేతివే. ఇప్పటికీ రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి పెద్ద బీరువాల కాలం పోయి, దంతం, కొమ్ము, ముళ్ళపంది ముళ్ళు తాపిన చిన్న చిన్న పెట్టెలు మిగిలాయి.

నాకు బాధ కలిగించింది ఆ చివరి గడి. ఏ ఇంటి నుంచి వచ్చిందో రాశాం: ఏదో ప్రభువుగారి ఇల్లు, ఏదో జిల్లా. ఎవరు చేశారో రాయడానికి ఆ పుస్తకంలో గడే లేదు. లండన్ పనివాళ్ళ విషయంలో పేర్లు దొరికేవి, సొరుగులో అంటించిన చీటీలుండేవి. మన పనివాడు ఎవరు, ఏ వీధిలో కూర్చుని ఆ ఈనెలు గీశాడు, అతనికి ఎంత ముట్టింది, ఏదీ లేదు. పెద్దాయనతో ఈ మాట అంటే, ఆయన కాసేపు ఊరుకుని, పుస్తకంలో ఆ వరుస కింద స్కేలు పెట్టి ఇంకో గడి గీసి ఇచ్చారు. అందులో ‘విశాఖపట్నం పనివాడు, పేరు తెలియదు’ అని నేను తెలుగులో రాశాను. ఆ పుస్తకంలో అదొక్కటే తెలుగు వరుస.

ఇంగ్లండ్ భవంతుల గోడు చదువుతుంటే నాకు మన జమీందారీలు గుర్తొచ్చేవి. 1948లో మద్రాసు ప్రావిన్సులో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారీ పోవాల్సిందే, రైతు నెత్తుటితో నడిచిన వ్యవస్థ అది, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ కోటల్లోని సామాను ఏమైంది? విజయనగరం, బొబ్బిలి, కురుపాం, పర్లాకిమిడి వైపు ఏ ఇంట్లో ఏ పెట్టె ఉండేది, ఎవరు కొన్నారు, ఎక్కడికి పోయింది అని రాసిపెట్టుకున్న స్టాకు పుస్తకం మనకి ఎక్కడుంది? అక్కడ వెస్టెన్‌హోల్జ్ లాంటి మనుషులు, బెనిసన్ లాంటి మనుషులు వ్యాపారం కోసమే చేసినా, ఒక తరం సామానుని కాపాడి ఇంకో తరానికి అందించారు. ఆ బారన్ గారిని నేనెప్పుడూ కలవలేదు. మాట్లాడలేదు. అయినా ఆయన పేరు వినకపోతే ఆ లైబ్రరీ మెట్లు ఎక్కేదాన్ని కాదు, ఆ వీధిని అంత శ్రద్ధగా చూసేదాన్ని కాదు అని ఇప్పటికీ అనుకుంటాను.

మేమున్న ఆ ఏళ్ళలోనే ఆ వ్యాపారం తగ్గుముఖం పట్టింది. కొత్తగా ఇళ్ళు కొన్న కుర్రవాళ్ళకి ముదురు రంగు మహాగని బల్లలు వద్దు, తెల్ల గోడలు, తేలికపాటి సామాను కావాలి. బ్రౌన్ ఫర్నిచర్ అని తేలిగ్గా మాట్లాడేవాళ్ళు. జార్జి రాజుల కాలంలో చేత్తో చేసిన సొరుగు పెట్టె కొత్త ప్లైవుడ్ బీరువా ధరకి పోతుంటే పెద్దాయన ముఖం చూడలేకపోయేవాళ్ళం. 2012లో మేం విశాఖకి తిరిగొచ్చేశాం. ఆ తర్వాత కొన్నాళ్ళకి వర్క్‌షాపు మూసేశారని ఉత్తరం వచ్చింది.

బ్రిటన్‌లో దంతం వ్యాపారాన్ని నిషేధిస్తూ 2018లో చట్టం చేశారు, 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. 1947కి ముందువై దంతం పదోవంతు కన్నా తక్కువ ఉన్నవాటికి, అలాగే 1918కి ముందువై కళాపరంగా అసాధారణమైనవాటికి మినహాయింపు ఉంది, ముందుగా నమోదు చేయించుకోవాలి లేదా అనుమతి తీసుకోవాలి. మన దేశంలో దంతం అమ్మడం ఎలాగూ నేరం. ఏనుగుల కోసం ఈ చట్టాలు ఉండాల్సిందే. ఒక పెట్టె అందంగా ఉందని ఇంకో ఏనుగు చావకూడదు. ఇప్పటికే చేసినవి మాత్రం మ్యూజియంలలో, ఇళ్ళలో భద్రంగా ఉండాలి, వాటి గురించి మన పిల్లలకి చెప్పాలి.

ఉత్తరాంధ్రలో ఉన్నవాళ్ళని నేను అడిగేది ఒకటే. మీ ఇంట్లో అమ్మమ్మదో, నాయనమ్మదో పాత చెక్కపెట్టె ఉంటే దాన్ని ఇసుక కాగితంతో రుద్దించకండి, వార్నిష్ కొట్టించకండి. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఎండ తగిలే కిటికీ దగ్గర, ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టకండి, చెక్క విచ్చుకుంటుంది, పొదిగిన ముక్కలు లేచిపోతాయి. లేచిన ముక్కని ఫెవిక్విక్‌తో అంటించకుండా ఒక కవర్లో వేసి, అదే పెట్టెలో ఉంచండి. సొరుగుంటే బయటికి లాగి తిరగేసి చూడండి, రంపపు గీతలు కనిపిస్తాయేమో, ఎవరైనా పేరు రాశారేమో. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే ఆ పెట్టె ఎవరు చేయించారు, ఏ ఊళ్ళో, ఏ పనివాడి చేత అని అడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మా విజయనగరం పెద్దమ్మని అలా అడిగితే, పెళ్ళికి పెట్టిన రోజ్‌వుడ్ పెట్టె చేసినాయన ఇంటిపేరు, ఆయన ఉండే వీధి పేరు టకీమని చెప్పింది. ఆ ఇంటివాళ్ళు ఇంకా ఆ వీధిలోనే ఉన్నారట. వచ్చే నెల వాళ్ళని కలవడానికి వెళ్తున్నాను.